ముసుగు తియ్యని అతిథి

గానెట్ టికిల్ అనే ఆ చేపల రేవు పల్లెలో తలుపు కొట్టేవాళ్ళు రెండే రకాలు. ఊరు తెలియని కొత్తవాళ్ళు ఒకరు, క్రిస్మస్ రోజుల్లో ముసుగేసుకుని ఇల్లిల్లూ తిరిగే వేషగాళ్ళు ఇంకొకరు. మిగిలిన వాళ్ళెవరైనా సరే తలుపు తోసుకుని వచ్చేస్తారు. బూట్లకంటిన మంచు వసారాలో దులుపుకుని, "టీ నీళ్ళు పొయ్యి మీద ఉన్నాయా?" అని అడుగుతూ కుర్చీ లాక్కుంటారు. గడియ వేసుకున్న ఇల్లంటే ఏదో దాస్తున్న ఇల్లని ఆ ఊళ్ళో లెక్క. ట్రైఫీనా పార్డీ ఇంటి తలుపుకీ గడియ ఉంది గానీ, ఏళ్ళ తరబడి పూసిన రంగు కింద అది ఎప్పుడో అతుక్కుపోయింది.

పోయిన ఏడాది నవంబరు నుంచి ఆవిడ తలుపు మూయడమే మానేసింది. సందులో ఒక కట్టెపేడు అడ్డం పెట్టి ఉంచుతుంది. సముద్రం మీంచి వచ్చే చలి ఆ సందులోంచి దూరి, వంటింట్లో గోడకి వేళ్ళాడే క్యాలెండరు కాగితాన్ని రోజంతా కదిలిస్తూ ఉంటుంది. ఎవరైనా అడిగితే, "పొయ్యి పొగ పోవాలిగా" అంటుంది. పొయ్యి వెలగని రోజున కూడా అదే జవాబు.

ట్రైఫీనా ఊరికే బెంబేలెత్తే మనిషి కాదు. అక్షరాలు కూడబలుక్కునే వయసులోనే బడి మాన్పించి చేపలు ఎండబెట్టే పనిలో పెడితే, అందుకు ఎవరినీ తిట్టుకోలేదు, తనని తాను తక్కువ చేసుకోలేదు. పెళ్ళయ్యాక చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టింది. కత్తి ఎంత పదునో నోరూ అంతే. ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి, "ఫీనమ్మా, కాస్త నవ్వుతూ పని చెయ్యకూడదూ" అన్నాడట. "చేపలు నవ్వమన్నాయా, నువ్వు నవ్వమన్నావా?" అందట ఈవిడ. మళ్ళీ ఆయన ఆ బల్ల దగ్గరికి రాలేదు. మొగుడు హెడ్లీ జీవితమంతా సముద్రం మీద తిరిగి, చివరికి ఊపిరితిత్తులు చెడి మంచం మీద పోయాడు. "సముద్రానికే అక్కర్లేకపోయాడు, ఏం చేస్తాం" అని శవపేటిక పక్కనే నిలబడి అంది. అన్న మాటకి ఊరంతా నవ్వింది. ఆవిడ కళ్ళు ఎవరూ చూడలేదు.

ఒక్కడే కొడుకు, వెస్లీ. సముద్రపు పిట్టల వేటకని నవంబరులో ఒక పొద్దున ఒంటరిగా పడవ వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి పడవ దొరికింది, బోర్లా. మనిషి దొరకలేదు. చర్చిలో ప్రార్థన పెట్టిద్దాం, సమాధుల దొడ్లో పేరు చెక్కిన రాయి ఒకటి నిలబెడదాం అని పాస్టరు గారు వస్తే, "మనిషిని తెచ్చివ్వండి, రాయి నేనే మోసుకొస్తా" అని వసారాలోంచే పంపేసింది.

కోడలు క్రిస్టా కొండమీది ఇంట్లో ఉంటుంది. పట్నం పిల్ల. కంప్యూటర్లో ఆటలు తయారు చేయడం ఆమె పని. ఊళ్ళో ఈ మాట మొదట చెప్పినప్పుడు ఎవరికీ మింగుడు పడలేదు.

"పెద్దాళ్ళు ఆడుకోవడానికి ఆటలా? దానికి జీతమా?" అని పక్కింటి మర్టల్ బుగ్గలు నొక్కుకుంది.

"నువ్వు రోజంతా కిటికీలోంచి ఊరిని చూస్తావే, నీకెవరూ జీతమివ్వట్లేదని కడుపుమంటా?" అంది ట్రైఫీనా. కోడలిని తను ఎన్నైనా అంటుంది. ఇంకొకరు అనకూడదు.

పెళ్ళయ్యాక వెస్లీ కూడా ఆ పనిలో వేలు పెట్టాడు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక చిన్న ఆట మొదలుపెట్టారు. క్రిస్మస్ రోజుల్లో ఒక ముసలామె వంటింట్లో కూచుని ఉంటుంది. వేషగాళ్ళు ఒక్కొక్కరే తలుపు కొట్టి లోపలికి వస్తారు. నడకని బట్టి, చేతుల్ని బట్టి, కప్పు పట్టుకునే తీరుని బట్టి ఎవరో కనిపెట్టాలి. కనిపెడితే ముసుగు తీసి, నవ్వి, కేకు ముక్క తిని వెళ్ళిపోతారు. తప్పు చెబితే తల అడ్డంగా ఊపి కూచుంటారు. ఊళ్ళో తరతరాలుగా ఆడే ఆటే, గాజు పలక మీదకి ఎక్కించారు. అంతే. వేషగాళ్ళ నడకలన్నీ వెస్లీయే నడిచి చూపించాడు, క్రిస్టా ఫోన్లో పట్టింది. గొంతులూ వాడివే. వేషగాడు గొంతు గుర్తు పట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతాడు. అలా మాట్లాడటంలో వెస్లీని మించినవాడు ఆ ఒడ్డున లేడు.

క్రిస్మస్ ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం క్రిస్టా ట్యాబ్ పట్టుకుని వచ్చింది. మనిషి చిక్కిపోయింది. గడప దగ్గరి కట్టెపేడు చూసి, పక్కగా తప్పుకుని లోపలికి వచ్చింది.

"అత్తయ్యా, ఆట దాదాపు అయిపోయింది. ముందు మీరు ఆడి చూడాలి. తప్పులుంటే చెప్పండి."

"నాకా? వేళ్ళన్నీ కీళ్ళవాతం. అక్షరాలు వెతుక్కునేసరికి మళ్ళీ క్రిస్మస్ వస్తుంది."

"తొందరేం లేదు."

"తొందర లేనిది నీకు. నాకు డెబ్బై దాటాయి." అంటూనే అందుకుంది.

కోడలు వెళ్ళాక పొయ్యి దగ్గర కూచుని తెరిచింది. ముందు ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఆ వంటిల్లు తనదే. పసుపు గళ్ళ మేజా గుడ్డ, కిటికీ పక్క మంచం, పెచ్చు ఊడిన ఎనామెల్ టీ పాత్ర, కట్టెల పెట్టె, ఊరి వైపు ఒకటీ సముద్రం వైపు ఒకటీ రెండు తలుపులు. ఊగుడు కుర్చీలో ముసలామె ముక్కు మాత్రం తన ముక్కు కాదు. "మొహమాట పడింది పిల్ల, ఇంత చిన్న ముక్కు ఈ ఇంట్లో ఎవరికుందని" అని గొణుక్కుంది.

తలుపు చప్పుడైంది. గాజు పలకలోంచి ఊపిరి లోపలికి లాగుతున్న గొంతు వచ్చింది.

"వేషగాళ్ళని... లోపలికి... రానిస్తారా?"

ట్రైఫీనా చేతిలో కప్పు కింద పెట్టేసింది. బిడ్డ ఊపిరి అది. పుట్టినప్పుడు వీపు మీద చరిస్తే మొదట పీల్చిన ఊపిరి దగ్గర్నుంచి తనకి తెలిసిన ఊపిరి.

అయినా ఆడింది. మొండి మనిషి. ఒకడు కడుపు మీద దిండు కట్టుకుని ఆడవేషంలో వచ్చాడు. టీలో వేలు ముంచి వేడి చూసుకోగానే పోస్టాఫీసు ఆయనని కనిపెట్టేసింది. ఇంకొకామె కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూచుంది. "మర్టల్" అని ఒక్కొక్క అక్షరం పొడిచింది. ముసుగు తీసి మర్టల్ బొమ్మ పళ్ళికిలించింది. ఆట తియ్యగా ఉంది, వెచ్చగా ఉంది. ఒక్కొక్కరు వెళ్ళిపోతుంటే వంటింట్లో దీపం కొంచెం కొంచెంగా తగ్గడం ఆవిడ వెంటనే గమనించలేదు.

చివరివాడు ఊరి వైపు తలుపులోంచి రాలేదు. సముద్రం వైపు తలుపులోంచి వచ్చాడు.

ఎర్ర రబ్బరు కోటు. తల మీంచి ఛాతీ దాకా తెల్లటి లేసు కర్టెన్ ముక్క. కాళ్ళకి తొడల దాకా వచ్చే పాత బూట్లు, ఎడమ మోకాలి దగ్గర నల్ల అతుకు. నేల మీద తడి అడుగులు వేసుకుంటూ వచ్చి కట్టెల పెట్టె మీద కూచున్నాడు. చిన్నప్పటి నుంచీ కట్టెల పెట్టె మీద కూచునేది ఆ ఇంట్లో ఒక్కడే. కుర్చీలుండగా అక్కడెందుకురా అని తిట్టీ తిట్టీ తను వదిలేసింది.

ట్రైఫీనా చాలాసేపు అక్షరాల మీద వేలు పెట్టలేదు. ఏడాదిగా ఎవరినీ పలకనివ్వని పేరు. చివరికి పొడిచింది. వెస్లీ.

ముసుగు అడ్డంగా ఊగింది. కాదు.

వాడి కాళ్ళ దగ్గర నీళ్ళు కొద్దిగా పెరిగాయి.

ఆ బూట్ల మీది నల్ల అతుకు తను వేసిందే. హెడ్లీ బూట్లు అవి, ఆయన పోయాక ఎటు పోయాయో తను పట్టించుకోలేదు. సరే, మొగుడన్నమాట. హెడ్లీ అని పొడిచింది. కాదు. తన తండ్రి పేరు, సముద్రంలో పోయిన అన్న పేరు, పాత పాస్టరు పేరు. కాదు, కాదు, కాదు. ప్రతి తప్పుకీ నీళ్ళు నేల మీద పాకి, మేజా కాళ్ళ దాకా వచ్చాయి. ట్యాబ్ ఆపి మళ్ళీ తెరిచింది. పోస్టాఫీసు ఆయన లేడు, మర్టల్ లేదు. వాడు మాత్రం ఆ మసక వంటింట్లో అక్కడే కూచుని ఉన్నాడు.

ఇంకొకరైతే భయపడి మూసేసేవారు. ట్రైఫీనాకి భయం వేయలేదు. ఆశ పుట్టింది. ఆ ఇంట్లో భయపడవలసింది దానికే.

ఎందుకంటే ఆవిడ ఇలా ఆలోచించింది. ఆట చేసింది కోడలు. మొగుడి సంగతి పెళ్ళానికి తెలియకుండా ఉండదు. ఆ పెళ్ళామే, ఈ తడిసి వచ్చినవాడు వెస్లీ కాదు అంటోంది. అంటే వాడు తడవలేదు. ఆ తరవాత ఇంకో సంగతి గుర్తొచ్చి లేచి నిలబడింది. కొండమీది ఇంటి వసారాలో వెస్లీ బూట్లు ఉన్నాయి. నవంబరు నుంచీ అక్కడే, గోడవారగా. సముద్రం మీదకి వెళ్ళేవాడు బూట్లు లేకుండా వెళతాడా? ఏడాదిగా కళ్ళెదుట ఉన్నా ఈ ప్రశ్న తనకి ఎందుకు తట్టలేదు?

మర్నాడు మర్టల్ తలుపు తోసుకుని వచ్చి, చలికి జబ్బలు రుద్దుకుంది.

"ఏమేవ్, ఇది ఇల్లా, ఐసు పెట్టా? తలుపు మూస్తే నీ సొమ్మేం పోయింది?"

"కట్టుకోడానికి నీకు శాలువా లేకపోతే చెప్పు, ఇస్తా."

మర్టల్ కూచుంది. టీలో డబ్బా పాలు పోసుకుంటూ గొంతు తగ్గించింది. "నీకు చెప్పకూడదనుకున్నా గానీ... మా చెల్లెలి అల్లుడు పడమట చమురు బావుల్లో పని చేస్తున్నాడా? అక్కడి క్యాంటీన్లో ఒకణ్ణి చూశాట్ట. వెనకనుంచి అచ్చం మీ వాడేనట."

"వెనకనుంచి అందరూ ఒకటే. నువ్వూ మా ఆవూ కూడా" అంది ట్రైఫీనా. నాలుక దాని దారిన అది నడిచింది గానీ, లోపల ఆ మాట మేకులా దిగిపోయింది.

ఆ తరవాత ఆవిడ సర్దడం మొదలుపెట్టింది. వెస్లీ పక్క మీద కొత్త బొంత పరిచింది. రోజూ బల్ల మీద వాడి కంచం పెట్టింది. ఉప్పు చేప నానబెట్టి, వండి, ముట్టకుండా ఉంచి, పొద్దున్నే పిల్లికి వేసింది. తను టీ, రొట్టెముక్కతో సరిపెట్టుకుంది. మధ్యాహ్నాలు రేవు చివరి చెక్కల దాకా నడిచి, మంచు పేరుకున్న ఆ చెక్కల మీద నిలబడి పడమటి రోడ్డు వైపు చూసింది. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ ఆ ముసలిదాన్ని చూసి రేవులోని మగాళ్ళు మాటలు ఆపేసేవారు. దగ్గు పట్టుకుంది. పొయ్యిలో కట్టెలు వేయడం మరిచిపోతోంది. తెరిచిన తలుపులోంచి ఎగిరొచ్చిన మంచు వసారాలో చీపురుకట్ట ఎత్తున పేరుకుంది. సాయంత్రమైతే ట్యాబ్ తెరిచి కట్టెల పెట్టె మీద కూచున్నవాణ్ణి చూసేది. ఇప్పుడు తప్పు పేర్లు కూడా చెప్పడం లేదు. వాడు ఎవడో ఏమో, వెస్లీ కాకపోతే చాలు. నీళ్ళు పొయ్యి అంచుదాకా వచ్చి నిలిచాయి.

క్రిస్మస్ ముందురోజు క్రిస్టా వచ్చింది. బల్ల మీద రెండో కంచం చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఎవరికి అత్తయ్యా ఆ కంచం?"

"ఆ చివరివాడెవడే అమ్మాయ్?" అని ఎదురు అడిగింది ట్రైఫీనా.

క్రిస్టా చూపు ట్యాబ్ మీదకి వెళ్ళింది. "అది... ఇంకా పూర్తి కాలేదు."

"పూర్తి కానిదాన్ని నాకెందుకిచ్చావు?"

"మీరైనా..." అని ఆగింది. "తలుపు మూసుకోండి అత్తయ్యా. మీకు జ్వరంగా ఉంది."

"నా తలుపు సంగతి నాకు తెలుసు. నీ వసారాలో ఏముందో కూడా తెలుసు."

క్రిస్టా చేతి తొడుగులు తీసుకుంది. గబగబా వెళ్ళిపోయింది. తప్పు చేసినవాళ్ళే అలా వెళతారని ట్రైఫీనా నిశ్చయించుకుంది. కొడుకు ఎక్కడున్నాడో దీనికి తెలుసు. పంపించిందో, పారిపోతుంటే ఊరుకుందో. ఏడాదిగా కన్నతల్లి నోరు కట్టేసి వంటింట్లో కూచోబెట్టింది. అడిగితే చెప్పదు. అడగకుండా రాబట్టాలి.

ఎలా రాబట్టాలో ఆ ఊరి మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ముసుగేసుకున్నవాడి ముందు మనుషులు దాచుకోలేరు. వచ్చినవాణ్ణి కనిపెట్టాలని చూస్తూ తమనే బయటపెట్టుకుంటారు. మొగుడు బతికున్నట్టు తెలిసిన పెళ్ళాం, వాడి వేషంలో ఒకరు వస్తే నవ్వుతుంది, లేదా కోప్పడుతుంది. ఆ నవ్వో కోపమో చూస్తే చాలు.

పోయిన క్రిస్మస్‌కి ఊళ్ళో ఎవరూ వేషాలు వేయలేదు, పార్డీల ఇంటి మీద గౌరవంతో. ఈ ఏడు పండగ వెళ్ళిన మూడోనాడు, పొద్దు వాలుతుండగా, మొదటి వేషం ట్రైఫీనాదే అయింది. వెస్లీ పాత ఉన్ని కోటు వేసుకుంది. భుజాలు నిండటానికి లోపల తువ్వాళ్ళు కుక్కింది. ముందు గది కిటికీకి ఉన్న లేసు కర్టెన్ ఊడదీసి తల మీంచి కప్పుకుంది. దారిలో ఇద్దరు చూశారు. ఒకడు "ఎవరోయ్ అది, కొంచెం ఆగు!" అని నవ్వబోయి, నడక చూసి నవ్వు మింగేశాడు. ఎడమ పాదం కొంచెం బయటికి విసిరి, మడమ ఈడ్చే నడక. వెస్లీ పదేళ్ళప్పుడు పడవ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక వాడికి మళ్ళీ నడక నేర్పింది తనే. ఆ అడుగు తనకి కంఠతా వచ్చు.

కొండ ఎక్కేసరికి ఊపిరి అందలేదు. వసారాలోకి వెళ్ళి గోడవారగా ఉన్న వెస్లీ బూట్లలో కాళ్ళు దూర్చింది. లోపల చల్లగా, పొడిగా ఉన్నాయి. పొడిగా ఉండటం ఆవిడకి సంతోషం కలిగించింది. తలుపు కొట్టింది.

"వేషగాళ్ళని... లోపలికి... రానిస్తారా?" ఊపిరి పీలుస్తూ అంది. వాడికి అది నేర్పిందీ తనే.

లోపల ఏదో కింద పడి పగిలింది. ఎవరూ రాలేదు. ట్రైఫీనా తలుపు తోసింది. పొయ్యి ముందు క్రిస్టా నిలబడి ఉంది, చేతులు పిండితో, కాళ్ళ దగ్గర గిన్నె పెంకులతో. ట్రైఫీనా ఆమె వైపు చూడకుండా, ఎడమ కాలు విసురుతూ, మడమ ఈడుస్తూ, గది దాటి వెళ్ళి కట్టెల పెట్టె మీద కూచుంది. కోటుకి అంటిన మంచు కరిగి, బూట్ల మీంచి నేల మీద కొద్దిగా పారింది.

క్రిస్టా నవ్వలేదు. కోప్పడలేదు.

గోడ పట్టుకుని నెమ్మదిగా నేల మీదకి జారి, మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చింది. ముసుగులోకి కాదు, బూట్ల వైపు చూస్తోంది.

"వెస్లీ" అంది. గొంతు కాదది, గీరినట్టుంది. "ఇవి వేసుకునే వెళ్ళుంటే... నేనే వద్దన్నాను వెస్లీ. మామయ్య బూట్లు వేసుకుని నడిచి చూపించు, ఆ చివరి అతిథికి బాగుంటుందని నేనే అన్నా. పొద్దున్నే ఫోన్ పట్టుకుని నిన్ను అటూ ఇటూ నడిపించా. వెలుతురు బాగుంది, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్నా. వేళ మించిపోయిందని వాటితోనే పరిగెత్తావు. అంత పెద్ద బూట్లు. నీళ్ళు నిండితే ఎవడు కాళ్ళాడిస్తాడు వాటిలో..." ఆమె చెయ్యి బూటు మీదకి వచ్చి ఆగింది. తాకలేదు. "నువ్వేనా? నువ్వేనా చెప్పు."

ముసుగు కింద ట్రైఫీనాకి చెమట పట్టింది.

తను రాబట్టాలని వచ్చిన సంగతి బయటికి వచ్చేసింది. ఈ పిల్ల ఏమీ దాచలేదు. పడమట ఎవడూ లేడు. బూట్లు ఇక్కడ ఎందుకున్నాయో తెలిసింది. హెడ్లీ బూట్లు ఎక్కడున్నాయో కూడా తెలిసింది. ఏడాదిగా ఇద్దరూ ఒక్కణ్ణే కనిపెట్టుకుని కూచున్నారు, తను కింద, ఇది పైన. అదీగాక ఇప్పుడు తను జవాబు చెప్పాలి. వేషగాడి నియమం అది. పేరు సరైనదైతే ముసుగు తియ్యాలి. కాకపోతే తల ఊపాలి. నోరు విప్పకూడదు, లేచి పారిపోకూడదు. అడిగిన మనిషి మోకాళ్ళ మీద ఉంది, కళ్ళు వెలుగుతున్నాయి. ఆ వెలుగు తనకి తెలుసు. అది ఎలా తినేస్తుందో తెలుసు. ఒక్క క్షణం, ఊరికే కదలకుండా కూచుంటే బాగుండుననిపించింది. కదలకపోతే ఈ వంటింట్లో వాడు ఇంకాసేపు ఉంటాడు.

ట్రైఫీనా తల అడ్డంగా ఊపింది.

కాదు.

మెడ అంత బరువుగా ఎప్పుడూ తిరగలేదు. ఫ్యాక్టరీలో పనంతా అయ్యాక కూడా.

క్రిస్టా అలాగే చూసింది. కళ్ళలోని వెలుగు తగ్గింది. ఇప్పుడు ఆమె చూపు బూట్ల మీంచి పైకి వచ్చి, మోకాళ్ళ మీద వంకర్లు తిరిగిన వేళ్ళ దగ్గర ఆగింది. చేపల కత్తి కోసిన పాత గీతలు.

"అత్తయ్యా" అంది.

లేసు తీసేసరికి ట్రైఫీనా జుట్టు పిచ్చుక గూడులా లేచింది. ఎవరూ నవ్వలేదు.

"కేకు లేదా ఈ ఇంట్లో?" అంది ట్రైఫీనా. "నన్ను కనిపెట్టినందుకు నాకు కేకు పెట్టాలి. అదీ తెలియదా పట్నం పిల్లకి?"

క్రిస్టా ఏడుస్తూనే లేచి ఎండుపళ్ళ కేకు కోసింది. ట్రైఫీనా దగ్గుతూ, ముక్క చేతిలో పట్టుకుని తినకుండా కూచుంది.

"బూట్లు సరే" అంది. "నువ్వు వద్దంటే మానేవాడు కాదు వాడు. నేను వద్దన్న ఒక్క పనీ వాడు మానలేదు, నువ్వు చెబితే వింటాడా? కానీ ఆ ఆట. వాడి పేరు చెబితే కాదందేం?"

"దానికి జవాబు లేదు అత్తయ్యా. ఏ పేరు చెప్పినా కాదనే అంటుంది. మొదట అది మామయ్య. మీకోసం పెట్టాలన్నాడు వెస్లీ. చివర్లో మామయ్య వస్తాడు, అమ్మ కనిపెడుతుంది, ముసుగు తీసి టీ తాగి వెళతాడు, అమ్మ తలుపు వేసుకుంటుంది అన్నాడు. తరవాత... ఆ నడక మామయ్యది అనుకోలేకపోయాను. వెస్లీ అని పెట్టడానికి చెయ్యి రాలేదు. పేరు పెడితే ముఖం గియ్యాలి. ముఖం గీస్తే వెళ్ళిపోతాడు. ఆ లేసు కింద ఏమీ లేదు అత్తయ్యా. ఖాళీ."

ట్రైఫీనా చేతిలోని కేకు ముక్క పక్కన పెట్టింది. ఇన్ని సాయంత్రాలు తను కూచుని చూసింది ఆ ఖాళీనా?

"ఎందుకిచ్చావు మరి నాకు?"

"మీరు ఏదో ఒక పేరు చెప్పి, ఇది ఫలానా అని నాతో అంటారనుకున్నా. మీరంటే పెట్టేద్దామనుకున్నా. మీరేమో అడిగారు."

బయట మసక పడుతోంది. ట్రైఫీనా కుర్చీ కంప్యూటరు దగ్గరికి లాక్కుంది. "దీపం వెయ్యి. పూర్తిగా చీకటి పడకముందే మొదలుపెట్టు. వాడి పేరే పెట్టు. మీ మామయ్య ఏమీ అనుకోడు, ఆయన బతికున్నప్పుడే ఏమీ అనుకునేవాడు కాదు."

క్రిస్టా గీసింది. గీత తప్పినప్పుడల్లా ట్రైఫీనా తిట్టింది. "కనుబొమ్మ అంత పైకా? వాడేమన్నా సినిమా హీరోనా? గడ్డం కింద గాటు మర్చిపోయావు. ఎడమవైపు. నా ఎడమ కాదు, వాడి ఎడమ." గీత గీతకీ వాడు దగ్గరికి వస్తుంటే గదిలో చలి పెరుగుతున్నట్టు ఇద్దరికీ అనిపించింది.

అయ్యాక ఆట మొదటినుంచి ఆడారు. పోస్టాఫీసు ఆయన వెళ్ళాడు. మర్టల్ వెళ్ళింది. దీపం తగ్గింది. సముద్రం వైపు తలుపు తెరుచుకుంది.

పేరు పొడవమని క్రిస్టా పలక జరిపింది. ట్రైఫీనా వేళ్ళు ఈసారి అక్షరాలు వెతుక్కోలేదు.

వాడు లేసు తీశాడు. నవ్వాడు. క్రిస్టా అలాగే గీసింది, కొంచెం వంకరగా. టీ తాగాడు. కప్పు బోర్లించాడు. ఎడమ కాలు విసురుతూ, మడమ ఈడుస్తూ, వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయాడు. ఆటలోని ముసలామె లేచి తలుపు వేసింది. నేల మీద నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"వాటిని తుడవలేదేం?" అంది ట్రైఫీనా.

"తుడిస్తే అబద్ధమవుతుంది" అంది క్రిస్టా.

ఉండిపొమ్మంది కోడలు. ట్రైఫీనా వినలేదు. వెస్లీ బూట్లతోనే కొండ దిగింది, క్రిస్టా లాంతరు పట్టుకుని గేటు దాకా వచ్చి ఆగింది. ఇంటికొచ్చి, వసారాలో పేరుకున్న మంచు ఊడ్చింది. పొయ్యి రాజేసింది. బల్ల మీది రెండో కంచం కడిగి అటక మీద పెట్టింది. కట్టెపేడు కాలితో తన్ని తలుపు మూసింది. గడియ కదల్లేదు. చేపల కత్తి తెచ్చి, రంగు పెళ్ళలు రాలగొట్టి, బలమంతా పెట్టి లాగి వేసింది.

వసంతంలో సమాధుల దొడ్లో రాయి నిలబెట్టారు. పాస్టరు గారు మోయలేక ఇంకొకరిని పిలవాల్సి వచ్చిందని ట్రైఫీనా ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. ఆ ఆట ఎక్కడెక్కడి వాళ్ళో ఆడుతున్నారట. ముసలామె ముక్కు చాలా బాగుందని ఎవరో రాశారని కోడలు చెబితే, "అది నాది కాదు కదా మరి" అంది.

గడియ వేసి ఉంచడం మాత్రం మానలేదు. గానెట్ టికిల్ అంతటికీ తలుపు కొట్టి పిలవాల్సిన ఇల్లు ఇప్పుడు అదొక్కటే. మర్టల్ కూడా కొట్టాల్సిందే, తిట్టుకుంటూనే కొడుతుంది. చప్పుడైనప్పుడల్లా ట్రైఫీనా చేతిలో పని ఆపుతుంది. ముందు ఏ తలుపో చూసుకుంటుంది, ఊరి వైపుదా, సముద్రం వైపుదా అని.

"ఎవరూ?" అంటుంది.

జవాబు వచ్చేదాకా ఊపిరి వదలదు.